నీళ్ళలో ఇల్లు

ప్రభాకరరావుకి సినిమాలో వేషం వచ్చింది అతని మొహం చూసి కాదు. ఆ సంగతి అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

కొత్తపేటకి అవతల, ఏటిగట్టుని ఆనుకుని ఉన్న ఒక మండలాఫీసులో అతను సీనియర్ అసిస్టెంటు. పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు, ఎనభై ఏడు వేసవికి కాస్త ముందుగా, మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ ఆ ఊళ్ళో దిగింది. కొబ్బరితోటల్లో పాటలు తీసుకుపోయే కంపెనీలు ఆ వైపు జనానికి కొత్త కాదు. కానీ వీళ్ళు తోటల వంక కన్నెత్తయినా చూడలేదు. మూతబడ్డ రైసుమిల్లు గోడౌను అద్దెకి తీసుకుని అందులో ఒక ఆఫీసు సెట్టు వేయడం మొదలుపెట్టారు. కథ ఎప్పుడో ముందు రాబోయే కాలంలో జరుగుతుందట. ఆ కాలంలో మనిషి గట్టిగా ఏడవాలన్నా చీటీ కావాలి, ఏడుపు ఆపాలన్నా చీటీ కావాలి. చచ్చిపోయినవాడు ముందుగా అనుమతి తీసుకోలేదని వాడి మీద కేసు నడుస్తుంది. శవం వాయిదాలకి వస్తూ ఉంటుంది.

ఏటిగట్టు మీద కొంత షూటింగు ఉందని అనుమతి కోసం అసిస్టెంటు డైరెక్టరు మండలాఫీసుకి వచ్చాడు. తాతాజీ అని, ముమ్మిడివరం వైపు మనిషే. ప్రభాకరరావు ఆ దరఖాస్తు చదివి కళ్ళజోడు తీశాడు.

"గట్టు మీద అని రాసేరు. మీదా, పక్కనా?"

"మీదేనండి."

"మీద అయితే ఇరిగేషన్ వాళ్ళనడగాలి. పక్కనైతే మేం."

తాతాజీ కొట్టేసి 'పక్కన' అని రాశాడు.

"ఏ పక్కన? ఏటి పక్కా, ఊరి పక్కా?"

"మీకు ఏది సులువైతే అదేనండి."

"మా సులువుతో పని లేదండీ. ఏటి పక్కయితే లంక భూములు. దానికి వేరే కాయితం."

తాతాజీ అలా తిరిగి తిరిగి, చివరికి గట్టు లేకుండానే కథ నడపొచ్చని డైరెక్టరుకి చెప్పాడు. జరిగిందంతా ఆయనకి అభినయించి చూపించాడు కూడా. ఆ డైరెక్టరు సామాన్యంగా నవ్వే మనిషి కాదు. ఆ రోజు దగ్గొచ్చేదాకా నవ్వాడు. సినిమాలో పెద్ద గుమస్తా వేషానికి కుదుర్చుకున్న మద్రాసు నటుడు ఇంకో సినిమాకి పోయి, అప్పటికి రాలేదు.

"ఇంక నటుడెందుకయ్యా? ఆయన్నే పట్టుకురా," అన్నాడు.

తాతాజీ వచ్చి అడిగినప్పుడు ప్రభాకరరావు మొదట బిగుసుకుని, తర్వాత మెత్తబడ్డాడు. "మీ మొహంలో ఏదో ఉందన్నారండీ మా డైరెక్టరుగారు," అన్నాడు తాతాజీ. ఆ మాట పట్టుకుని ప్రభాకరరావు ఇంటికెళ్ళి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

అతని భార్య రూతు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అతను సెలవుచీటీలో జ్వరమని రాయడం చూసి, "సినిమా అనే రాయొచ్చు కదండీ, అబద్ధం దేనికి?" అంది.

"సినిమా అని రాస్తే పర్మిషన్ కావాలి. పర్మిషన్‌కి ఫైలు పెట్టాల్సింది నేనే. నా ఫైలు నేనెలా పెట్టుకుంటాను?"

రూతు అతని వంక అదోలా చూసింది కానీ చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి పెట్టింది.

ఇక్కడ దానమ్మ సంగతి చెప్పాలి. పాపమ్మలంకలో ఏటి ఒడ్డున ఆమెకి ఒక తాటాకిల్లు ఉండేది. వరదకి ఇల్లు పోయింది. ఇల్లొక్కటే కాదు, ఇంటి కింద నేల కూడా కోతకి గురై ఏట్లో కలిసిపోయింది. ప్రభుత్వం పడిపోయిన ఇళ్ళకి సాయం ఇస్తానంది. సాయం ఇవ్వాలంటే పడిపోయిన ఇంటిని అధికారి వెళ్ళి చూడాలి. ఇల్లు సగం పడ్డవాళ్ళు సగం గోడ చూపించారు, పూర్తిగా పడ్డవాళ్ళు మట్టిదిబ్బ చూపించారు. దానమ్మ చూపించడానికి ఏమీ మిగల్లేదు. అధికారిని పడవెక్కించి నీళ్ళు చూపిస్తానంది. అందుకు రూల్సు ఒప్పుకోలేదు. అప్పట్నుంచి ఆమె గట్టు మీద పరదా కట్టుకుని ఉంటూ, వారానికోసారి ఆఫీసుకి వచ్చి ప్రభాకరరావు బల్ల ముందు నిలబడేది. ఒకసారి అతను ఆమెతో ఏదో అంటే ఆఫీసంతా నవ్వింది. అటెండరు ఏడుకొండలు తలుపు పట్టుకుని మరీ నవ్వాడు.

ఆ ఇల్లు ఉండేదని ప్రభాకరరావుకి తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు. అతను పుట్టింది ఆ లంకలోనే. వాళ్ళమ్మ పొగాకు చేలో కూలికి పోతూ అతన్ని దానమ్మ దగ్గర వదిలేది. ఆ ఇంటి చూరు కింద, ఆమె కొంగు పరిచిన నేల మీద పడుకునే అతను పెరిగాడు. మిషను స్కూలుకి మొదటిసారి వెళ్ళిన రోజు అతని తల దువ్వింది ఆమే. కానీ ఉద్యోగంలో చేరాక ఎవరైనా సొంతూరు అడిగితే, భార్యది రాజోలు కాబట్టి, అతనూ రాజోలనే చెప్పేసేవాడు. కొన్నాళ్ళకి అందరూ నమ్మారు. ఇంకొన్నాళ్ళకి అతనికే అది నిజంలా అనిపించసాగింది. దానమ్మ ఆఫీసుకి వచ్చిన మొదటి రోజు, ఎక్కడ పేరు పెట్టి పిలుస్తుందోనని అతను ఫైల్లో తల దూర్చాడు. ఆమె "అయ్యగారండీ" అంది. చూపు ఆనక తనని గుర్తుపట్టలేదనుకుని అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తర్వాత నుంచి ఆమెని "ఏమ్మా, నీకెన్నిసార్లు చెప్పాలి" అనడం సులువైపోయింది.

గోడౌన్లో సెట్టు చూసి అతను నోరు తెరిచాడు. గుమస్తా కూర్చునే బల్ల తాటిచెట్టులో సగం ఎత్తుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. జనం కింద నిలబడి, కాగితాన్ని వెదురు గెడ చివర గుచ్చి పైకి అందించాలి. అతను ఎక్కి కూర్చోగానే నిచ్చెన తీసి లైటు కట్టడానికి పట్టుకుపోయారు.

కింద వరసలో నిలబడడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూలిజనాన్ని తెచ్చారు. కూలీ ఇస్తారు, భోజనం పెడతారు. పైనుంచి చూస్తే అందరివీ నడినెత్తులే కనిపిస్తున్నాయి.

మొదట్లో అతను చెడగొట్టాడు. స్కూల్లో వేసిన నాటకం గుర్తొచ్చి, చెయ్యెత్తి, గొంతు లావు చేసి పలికాడు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. "మీరేం చెయ్యొద్దు సార్. నటించొద్దు. వాళ్ళు ఏదో అడుగుతారు. మీ ఆఫీసులో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి, చాలు."

మళ్ళీ కెమెరా తిరిగింది. వరసలో ముందుకొచ్చిన మనిషి తల ఎత్తింది. దానమ్మ. ఆమెకి చెప్పిన మాట "చీటీ ఇప్పించండయ్యా" అని. ఆమె ఆ మాట మర్చిపోయింది. చుట్టూ లైట్లు, దొరల్లాంటి మనుషులు, అంతెత్తు బల్ల, బల్ల మీద ప్రభాకరరావు. గెడ రెండు చేతులా పట్టుకుని అంది:

"అయ్యగారండీ, నా ఇంటి సంగతి ఏం చేసేరండీ?"

ఎవరూ ఆపలేదు. ప్రభాకరరావు నోట్లోంచి జవాబు దానంతటదే వచ్చింది.

"పడిపోయిందా, కొట్టుకుపోయిందా?"

"కొట్టుకుపోయిందండి."

"పడిపోయిన ఇళ్ళకే సాయం. గోడలేవి?"

"ఏట్లో ఉన్నాయండి."

"ఏరు మా శాఖ కాదు. స్థలం చూపించు."

"స్థలం కూడా ఏట్లోనే ఉందండి."

"అయితే నీ ఇల్లు ఎక్కడుందంటావు?"

"నీళ్ళలో ఉందండి, అయ్యగారూ."

"నీళ్ళలో ఇల్లు కట్టుకోవడానికి నీకు పర్మిషనెవరిచ్చారు?"

గోడౌనంతా గొల్లుమంది. లైటు పట్టుకున్నవాడు నవ్వాపుకోలేక లైటు వదిలేశాడు. డైరెక్టరు పరుగున బల్ల కిందికి వచ్చి, "అద్భుతం సార్! ఇలాంటిది ఎవరూ రాయలేరు!" అన్నాడు. ప్రభాకరరావు పొంగిపోయాడు. ఆ పొంగు ఎంతసేపో నిలవలేదు. దానమ్మ అందరి మొహాలూ చూసి, తను కూడా కొంచెం నవ్వి, తాతాజీనడిగింది:

"ఇంత పెద్దోళ్ళు విన్నారు కదా బాబూ. మరి ఇచ్చేత్తారా?"

"ఏమిటమ్మా ఇచ్చేది?"

"ఇల్లు."

తాతాజీ గడియారం చూసుకున్నాడు. తర్వాత "భోజనానికి పదమ్మా" అన్నాడు. ఆమె పోలేదు. తన అర్జీ విచారించడానికే పట్నం నుంచి ఇంతమంది వచ్చారనుకుంది. గెడ గోడకి చేర్చి, బల్ల కింద గొంతుక్కూర్చుని, అయ్యగారు ఏం రాస్తారోనని పైకి చూస్తూ ఉండిపోయింది. ప్రభాకరరావు దిగిపోదామంటే నిచ్చెన లేదు. అందరూ పప్పుచారు అన్నం తిని వచ్చేదాకా అతను పైన, ఆమె కింద. అతను చేతిలోని ఉత్తుత్తి కాగితాలు తిరగేస్తున్నట్టు నటించాడు. ఆ రోజు అతను నటించింది అదొక్కటే.

ఆ రాత్రి రూతు "ఎలా జరిగిందండీ?" అనడిగితే, "బాగానే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సిగ్గు ఉన్నంతమాత్రాన మనిషి ఏదో ఒకటి చేస్తాడని లేదు. ప్రభాకరరావు ఏమీ చేయలేదు. దానమ్మ వచ్చే రోజున పల్లెల మీద క్యాంపు వేయించుకుని తప్పించుకునేవాడు. ఆమె ఏడుకొండల్ని అడిగి తిరిగిపోయేది.

ఏడాది తిరక్కుండా సినిమా అమలాపురం వచ్చింది. ఆఫీసు వాళ్ళంతా టిక్కెట్లు తీసుకుని అతన్నీ రూతునీ మధ్యలో కూర్చోబెట్టారు. తెర మీద బల్ల, దాని మీద తన మొహం కనిపించగానే ఏడుకొండలు ఈల వేశాడు. ఆ పర్మిషన్ మాట వచ్చేసరికి హాలు కూలిపోతుందా అన్నట్టు నవ్వారు జనం. అప్పుడు తెర నిండా దానమ్మ మొహం వచ్చింది. ఇంకో కెమెరా పెట్టారని అతనికి తెలియదు. ఆ రోజు అంతెత్తు నుంచి ఆ మొహం అతనికి సరిగ్గా ఆనలేదు. దగ్గరగా ఇప్పుడే చూస్తున్నాడు. ఆమె పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. కళ్ళు అతని నోటి మీదే ఉన్నాయి. జవాబు కోసం అలా చూస్తోంది. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పక్కన రూతు నవ్వు ఆగిపోయింది.

"ఏవండీ, ఆవిడ మన పెళ్ళికి వచ్చిన దానమ్మ పెద్దమ్మ కదూ?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆవిడకి ఆ మాటలు ఎవరు రాసిచ్చేరు?"

"డైరెక్టరుగారు," అన్నాడు.

ఇంటర్వెల్లో జనం చుట్టూ మూగి, "ఆయ్, మీరేనండీ! అచ్చు నిజం గుమస్తాలా చేసేరండీ!" అని చేతులూపుతుంటే, రూతు గోళీసోడా తాగకుండా పట్టుకుని అతన్నే చూస్తూ నిలబడింది. ఇంటికి వచ్చే బస్సులో మాత్రం ఒకే ఒక్క మాటంది. "పెద్దమ్మ ఇల్లు పోయిందని నాకు ఒక్కసారైనా చెప్పలేదే."

తర్వాత ఒక వారపత్రికవాడు ఆ సీను గురించి రాస్తూ, ఇది గోదావరి జిల్లాలో వరద తర్వాత నిజంగా జరిగినదేనని విన్నామన్నాడు. పైనుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. ఎమ్మార్వో మాణిక్యాలరావుగారు చెడ్డమనిషి కాదు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి.

"ప్రభాకరరావుగారూ, ఈ జవాబు మీరే రాయండి. సదరు చిత్రంలోని దరఖాస్తుదారు కల్పిత పాత్ర, అటువంటి మనిషి గానీ ఇల్లు గానీ ఈ మండలంలో లేవు అని. రెండు ముక్కలు చాలు."

అతను బల్ల దగ్గర కూర్చుని 'సదరు చిత్రంలోని' అని మొదలుపెట్టాడు. 'కల్పిత' దాకా వచ్చాడు. అక్కడ కలం ఆగింది. తెర మీద ఆ కళ్ళు గుర్తొచ్చాయి. కాగితం చింపి కొత్తది తీసుకున్నాడు. దానమ్మ ఉందనీ, ఆమె ఇల్లు ఉండేదనీ, ఆ ఇంట్లో తను పెరిగాననీ, ఆ సంగతి తెలిసి కూడా దరఖాస్తు తొక్కిపెట్టాననీ రాసి సంతకం పెట్టాడు.

మాణిక్యాలరావుగారు చదివి తలుపు వేయించారు.

"మీకు మతిపోయిందా? దరఖాస్తు పరిశీలించేవాడు సాక్షి ఎలా అవుతాడండీ?"

"చూసినవాణ్ణి కదండీ."

"చూసినప్పుడు మీరు ఉద్యోగి కాదు. ఉద్యోగి అయ్యాక చూడలేదు. ఏ లెక్కన చెల్లుతుంది? అయినా ఆ సాయం ఎప్పుడో ముగిసిపోయింది."

తన మాటలే తనకి అప్పజెప్పినట్టుంది. ఆ కాగితం సొరుగులోకి పోయింది. దానమ్మ కల్పిత పాత్ర అనే జవాబు జూనియర్ అసిస్టెంటు చేత రాయించి పైకి పంపారు. అంతటితో ఆగలేదు. జ్వరమని సెలవు పెట్టి, ప్రభుత్వ అనుమతి లేకుండా సినిమాలో నటించినందుకు అతని మీద వేరే చార్జిమెమో వచ్చింది. ఆ విచారణకి, షూటింగులో ఉన్న మనిషిని సాక్షిగా పిలవాలి. అందరికీ తెలిసిన మనిషి ఒక్కతే. అలా ఒక ఫైల్లో లేని దానమ్మ, ఇంకో ఫైల్లో మొదటి సాక్షి అయింది. ఏడుకొండలు సైకిలేసుకుని వెళ్ళి, గట్టు మీద పరదా దగ్గర ఆమెకి సమన్లు ఇచ్చి వచ్చాడు.

విచారణకి వచ్చిన అధికారి పొరుగు డివిజన్ వాడు, ముక్కుసూటి మనిషి. దానమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఈయన సినిమాలో నటించడం నువ్వు చూశావా అమ్మా?"

"లేదండి."

"లేదా? నువ్వు అక్కడే ఉన్నావు కదా?"

"ఉన్నానండి. ఆయ్. కానీ అయ్యగారు నటించలేదండి. ఆయన తప్పేం లేదు. ఆఫీసులో నాతో ఎలా మాట్లాడతారో అక్కడా అలాగే మాట్లాడేరు. ఒక్క ముక్క అటూ ఇటూ లేదండి. దేవుడి తోడు."

గదిలో ఎవరూ నవ్వలేదు. ప్రభాకరరావు తల దించుకుని తన చెప్పుల వంక చూసుకున్నాడు. ఆమె వెక్కిరించలేదు. అతని ఉద్యోగం నిలబెట్టడానికి మనసారా చెప్పిన మాట అది. అధికారి 'నటించినట్టు రుజువు కాలేదు' అని రాసుకున్నాడు. జ్వరానికి మాత్రం మందలింపు అన్నాడు.

"సార్, ఇంకో మాట కూడా రాసుకోండి," అన్నాడు ప్రభాకరరావు. "ఈవిడ ఇల్లు..."

"దానికీ దీనికీ సంబంధం లేదండీ," అని అధికారి ఫైలు కట్టేశాడు.

బయట సహోద్యోగులు భుజం తట్టి పార్టీ ఎప్పుడన్నారు. అతను వాళ్ళని తప్పించుకుని, బస్సు కోసం ఎండలో నిలబడ్డ దానమ్మ దగ్గరికి వెళ్ళాడు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదంది. పక్కనే ఉన్న కాఫీ హోటలుకి తీసుకెళ్ళాడు. ఆఫీసు జనం తినే హోటలే అది. యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచి, "రండి సినిమా స్టారుగారూ. ఎవరండీ ఈవిడ?" అన్నాడు.

"మా పెద్దమ్మ," అన్నాడు ప్రభాకరరావు. "పాపమ్మలంక. మా ఊరే."

అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట. రెండు బల్లల అవతల జూనియర్ అసిస్టెంటు తలెత్తి చూశాడు. దానమ్మ కంగారుగా అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఎందుకు బాబూ అలా చెప్తావు? నీకు నామోషీ కదా." గొంతు బాగా తగ్గించింది. "ఆఫీసులో ఎక్కడ నోరు జారి ప్రభాకరం అనేత్తానో అని, ఏటి దగ్గర్నుంచి అయ్యగారూ అయ్యగారూ అనుకుంటూ వచ్చేదాన్ని."

ఇడ్లీ వచ్చింది. ఆమె చట్నీ వేలితో రుచి చూసి, బాగుందంటూ అతని పళ్ళెం అతని ముందుకి జరిపింది. అతను ముక్క తుంచాడు కానీ నోటి దాకా పోలేదు.

ప్రభుత్వం ఇల్లు దానమ్మకి రానే లేదు. మరుసటి ఏడాది చర్చి సంఘం వాళ్ళు తలో చెయ్యీ వేసి, గట్టుకి ఇవతల మిషను స్థలంలో ఒక తాటాకు గది లేపారు. ప్రభాకరరావు, రూతు అక్కడే ఉండి తాటాకులు అందించారు. దానమ్మ అందులో బతికినన్నాళ్ళు, అతను ఎప్పుడు వెళ్ళినా చాప పరిచి, "కూర్చో బాబూ" అనేది. అతను ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, గాలి ఇక్కడే బాగుందనేవాడు.